నలభై దాటాక కారు లైసెన్స్: ఏజెంటు లేకుండా ఒంగోల్లో నా అనుభవం

ఒంగోల్లో కారు లైసెన్స్ గురించి ఎవర్ని అడిగినా ముందు వచ్చే సలహా ఒకటే, ఏజెంటు చేతిలో పెట్టెయ్, నీకెందుకు ఆ తలనొప్పి అని. ఆఫీసులో అదే చెప్పారు, మా వీధిలో అదే చెప్పారు, సెకండ్ హ్యాండ్ కారు అమ్మిన ఆయనైతే ఏజెంటు నంబరు కూడా రాసిచ్చాడు. నేను ఆ నంబరుకి ఫోన్ చెయ్యలేదు. దరఖాస్తు నుంచి టెస్టు దాకా మొత్తం నేనే చూసుకున్నాను. అందులో నిజంగా కష్టమైనవి ఏవో, ఉత్త భయాలు ఏవో, లైసెన్స్ చేతికొచ్చాక మన రోడ్ల మీద ఏం తెలిసిందో వరసగా రాస్తున్నాను. నేను మొదలుపెట్టినప్పుడు ఇలా చెప్పేవాళ్లు దొరకలేదు, అందులోనూ నలభై దాటి మొదటిసారి స్టీరింగ్ పట్టుకునే ఆడవాళ్లకి అసలు ఎవరూ చెప్పరు.

నాకు నలభై మూడేళ్లు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో అకౌంట్స్ చూస్తాను. ఇల్లు ఒంగోల్లో, కాబట్టి రోజూ కర్నూలు రోడ్డు మీద పేర్నమిట్ట, సంతనూతలపాడు దాటుకుని పోవాలి, ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. పగలు బస్సులకి కొదవ లేదు. కానీ జీఎస్టీ గడువు రోజుల్లో రాత్రి ఎనిమిది దాటుతుంది, అప్పుడు రోడ్డు పక్కన దుమ్ములో షేర్ ఆటో కోసం నిలబడాలి, ఆటో వచ్చినా అందులో అందరూ మగవాళ్లే ఉంటే ఎక్కాలా వద్దా అని ఆలోచించుకోవాలి. మా ఆయన ఉద్యోగం చెన్నైలో, నెలకి రెండుసార్లు వస్తారు. మా వాడు ఇంటర్ చదువుతున్నాడు. ఇంట్లో కారు ఉండి దాన్ని నడిపేవాళ్లు లేక వారాల తరబడి కవరు కప్పి ఉంచడం నాకు అర్థం లేని పని అనిపించింది.

ముందు ఎల్ఎల్ఆర్, అంటే నేర్చుకునేవాళ్లకి ఇచ్చే తాత్కాలిక లైసెన్స్. కేంద్ర రవాణా శాఖ పరివాహన్ వాళ్ల సారథి సైటులో ఫోన్‌లోనే దరఖాస్తు నింపొచ్చు. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఆధార్‌కి లింకైన ఫోన్ నంబరు మీ చేతిలో ఉండాలి, ఓటీపీ దానికే వస్తుంది, చాలామంది ఆడవాళ్ల ఆధార్‌కి భర్త నంబరో కొడుకు నంబరో ఉంటుంది, అది ముందే మార్పించుకోండి. రెండోది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పొట్టి అక్షరంతో ఉండి, పదో తరగతి సర్టిఫికెట్‌లో పూర్తిగా ఉంటే తర్వాత ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఫొటో, సంతకం కొద్ది కేబీల సైజులోనే అడుగుతుంది, అదొక్కటి కాస్త విసిగిస్తుంది, మా వాడు ఫోన్‌లోనే తగ్గించి పెట్టాడు, లేదంటే నెట్ సెంటర్‌లో చేసిపెడతారు. నాకు నలభై దాటాయి కాబట్టి 1ఎ ఫారం మీద డాక్టరు సంతకం కూడా కావాల్సి వచ్చింది. దాన్ని కూడా కళ్లు చూడకుండా సంతకం పెట్టించుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి అలా చెయ్యకండి, నిజంగానే పరీక్ష చేయించుకోండి. నాకు దూరం చూపులో కొంచెం తేడా ఉందని అప్పుడే బయటపడింది. ఇప్పుడు అద్దాలు లేకుండా బండి తియ్యను.

డబ్బుల సంగతి కూడా చెప్తాను, ఏజెంట్ల వ్యాపారమంతా ఇది తెలియకపోవడం మీదే నడుస్తుంది. కేంద్రం నిబంధనల ప్రకారం ఎల్ఎల్ఆర్‌కి ఒక్కో రకం బండికి 150 రూపాయలు, దాని పరీక్షకి 50, తర్వాత డ్రైవింగ్ టెస్టుకి 300, లైసెన్స్ ఇచ్చినందుకు 200. వీటి మీద రాష్ట్రం వేసే సర్వీసు చార్జీలు ఉంటాయి. అన్నీ కలిపినా ఏజెంటు చెప్పే రేటుకి ఎక్కడా పొంతన ఉండదు.

ఎల్ఎల్ఆర్ పరీక్ష కంప్యూటర్ ముందు కూర్చుని రాసేది, తెలుగులో రాయొచ్చు. టెన్షన్ పడాల్సిందేమీ లేదు కానీ చదవకుండా పోవద్దు. గుండ్రటి బోర్డు అంటే ఆజ్ఞ, పాటించి తీరాలి. మూడు మూలల బోర్డు అంటే హెచ్చరిక. నీలం రంగు నలుచదరం అంటే సమాచారం. ఈ మూడూ పట్టుకుంటే సగం ప్రశ్నలు అయిపోయినట్టే. పోలీసు, సిగ్నలు లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలని, ఘాట్ రోడ్డులో ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలని ఆ పుస్తకం చదివాకే నాకు తెలిసింది. ఏళ్ల తరబడి కారు నడుపుతున్న మా ఆఫీసు వాళ్లని అడిగితే వాళ్లకీ తెలియదు. పరీక్ష రాసే అవసరం రాకుండా లైసెన్స్ తెచ్చుకుంటే ఇదే జరుగుతుంది.

ఎల్ఎల్ఆర్ వచ్చాక 30 రోజులు ఆగితే గానీ డ్రైవింగ్ టెస్టుకి పోలేం, అది ఆరు నెలలు చెల్లుతుంది. ఈలోపు పక్క సీట్లో లైసెన్స్ ఉన్న మనిషి ఉండాలి, బండికి ముందూ వెనకా తెల్లటి దాని మీద ఎర్రటి ఎల్ బోర్డు ఉండాలి. చాలామంది ముప్పయ్యో రోజు కోసం ఎదురుచూస్తారు. నేను ఆరు నెలల్లో చాలా భాగం వాడుకున్నాను, మీరూ వాడుకోండి.

ఇక నేర్చుకోవడం. మొదట ఒక డ్రైవింగ్ స్కూల్‌లో చేరాను. నేర్పే అబ్బాయి మంచివాడే, విసుక్కోడు. కానీ ఆ కార్లలో నేర్పేవాడి వైపు కూడా బ్రేకు, క్లచ్ ఉంటాయి. నేను క్లచ్ ఎంత తొక్కాలో తేల్చుకునేలోపే అతను తన వైపు తొక్కేసేవాడు. గేరు మార్చమంటాడు, నేను మారుస్తాను, బండి కుదుపు లేకుండా పోతుంది, ఆహా వచ్చేసింది అనిపిస్తుంది. నిజానికి నేను పట్టుకున్నది స్టీరింగ్ ఒక్కటే. అదే నాలుగు వీధులు, అదే మలుపు, మధ్యలో అతని ఫోన్ కాల్స్. రివర్స్ నేర్పమంటే టెస్టు ముందు చెప్తాలే మేడమ్ అన్నాడు. రాత్రి పూట ఒక క్లాసు పెట్టమంటే వాళ్ల టైమింగ్స్‌లో లేదన్నారు. కోర్సు పూర్తయింది, సర్టిఫికెట్ ఇచ్చారు, మా సొంత కారులో ఒక్కదాన్నే కూర్చుంటే గేటు దాటించడం రాలేదు. నేనే కాదు, అక్కడ నేర్చుకున్న మా పక్కింటావిడదీ ఇదే పరిస్థితి, ఆవిడ అక్కడితో మానేసింది కూడా. డబ్బులు తీసుకుని మనిషిలో నాకిక రాదు అనే నమ్మకం కలిగించడం చాలా అన్యాయం.

అప్పుడు మా కింద పోర్షన్‌లో ఉండే పెద్దాయన ముందుకొచ్చారు. ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైర్ అయ్యారు, మేం బాబాయ్ అంటాం. "స్కూలు సంగతి మర్చిపోమ్మా, తెల్లారి ఐదున్నరకి తాళం తీసుకుని రా" అన్నారు. మొదటి రోజు ఇంజను ఆన్ చెయ్యనివ్వలేదు. ఆగి ఉన్న కారులో కళ్లు మూసుకుని ఒకటి, రెండు, మూడు, రివర్స్ వెయ్యమన్నారు, చెయ్యి తడుముకోకుండా పడేదాకా అదే. తర్వాత కొత్తపట్నం రోడ్డుకి తీసుకుపోయారు. ఆ వేళప్పుడు ఆ దారిలో రద్దీ తక్కువ, ఒంగోలు వాళ్లు ఎవరైనా నేర్చుకోవాలంటే నేను ఆ దారే చెప్తాను.

అక్కడ నేర్పింది క్లచ్ ఒక్కటే. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టనివ్వలేదు. ఫస్ట్ గేరులో క్లచ్‌ని మెల్లగా, చాలా మెల్లగా వదులుతుంటే ఒక చోట ఇంజను చప్పుడు కాస్త బరువెక్కుతుంది, బానెట్ కొంచెం లేచినట్టు అనిపిస్తుంది, అరికాలికి సన్నగా వణుకు తెలుస్తుంది. అక్కడ ఆపు అనేవారు. అదే హాఫ్ క్లచ్. అక్కడ కాలు రెండు క్షణాలు నిలిపితే బండి తనంతట తానే నడక వేగంతో కదులుతుంది. కదలడం, ఆగడం, మళ్లీ కదలడం, ఎండ వచ్చేదాకా అంతే. స్కూలు కోర్సు అంతా కలిపి నేర్పనిది నా కాలికి ఆ పొద్దున తెలిసింది. బండి నడుస్తున్నప్పుడు నేను అలవాటుగా ఎడమ కాలు క్లచ్ మీదే ఉంచుతుంటే, "తియ్యి, తియ్యి, అది కాలు పెట్టుకునే పీట కాదమ్మా, ఊరికే తొక్కబాక, ప్లేటు అరిగిపోద్ది" అనేవారు.

రైల్వే బ్రిడ్జి ఎత్తు మీద బండి ఆపించి కదిలించమన్నప్పుడు మాత్రం గుండె జారింది, వెనక లారీ ఉంది మరి. హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగు, ఫస్ట్ గేరు వెయ్యి, క్లచ్‌ని ఆ వణుకు దాకా వదులు, కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వు, బండి ముందుకి లాగుతోందని తెలిశాక హ్యాండ్ బ్రేక్ దించు. ఆ వరస తప్పకపోతే బండి ఒక్క అంగుళం కూడా వెనక్కి రాదు. ఇంకో పద్ధతి కూడా పెట్టారు, రోడ్డు మీద కనపడిందల్లా పైకి చెప్పాలి. ఎడమ పక్క సైకిలు, ముందు బస్సు ఆగింది, బస్సు ముందు నుంచి ఎవరైనా దాటొచ్చు, కుడి అద్దంలో బైకు వస్తోంది, ఇలా. మొదట్లో నోరు నొప్పి పుట్టింది, తర్వాత చెప్పకపోయినా కళ్లు వాటంతట అవే వెతకడం మొదలుపెట్టాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను ఇచ్చే మొదటి సలహా ఇదే, పైకి చెప్తూ నడపండి.

టెస్టు రోజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. స్లాట్ బుక్ చేసుకుని, ఎల్ఎల్ఆర్, కారు కాగితాలు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ పట్టుకుని బాబాయ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని పోయాను. బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌గారు ముందు ఎవరెవరు సీటు, అద్దాలు సరిచేసుకుంటున్నారు, బెల్టు పెట్టుకుంటున్నారు, వెనక చూసి కదులుతున్నారు అన్నది గమనిస్తున్నారు. నా ముందు ఒక కుర్రాడు ఏజెంటు ద్వారా వచ్చాడు, బండి నడుపుతాడు, వేగంగా కూడా నడుపుతాడు, కానీ రివర్స్‌లో మలుపు తిప్పలేక మూడుసార్లు ఆగిపోయాడు. ఒకసారి ఫెయిలైతే మళ్లీ టెస్టుకి ఏడు రోజులు ఆగాలి, మూడుసార్లు ఫెయిలైతే ఆ తర్వాత 60 రోజులు ఆగాలి, అది చట్టంలోనే ఉంది. నా వంతు వచ్చినప్పుడు మామూలుగా నడిపాను, పాస్ అన్నారు. నా వయసుకి లైసెన్స్ పదేళ్లు చెల్లుతుంది. ఫోన్‌లో డిజీలాకర్‌లో పెట్టుకున్నాను, డిజీలాకర్‌లో గానీ ఎంపరివాహన్‌లో గానీ చూపిస్తే ఒరిజినల్‌తో సమానంగా ఒప్పుకోవాలని కేంద్రం 2018లోనే చెప్పింది. ఆ యాప్ తెరిచి చూపించడం ముందే అలవాటు చేసుకోండి, రోడ్డు పక్కన ఎండలో పాస్‌వర్డ్ గుర్తురాక తిప్పలు పడేవాళ్లని చూశాను.

ఇప్పుడు అసలు సంగతి, కర్నూలు రోడ్డు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ బ్లాకులు ట్రైలర్ల మీద ఈ దారినే ఓడరేవులకి పోతాయి. ఒక్కో బ్లాకు మా వంటగది అంత ఉంటుంది. దాని వెనకే పోతుంటే ఎదురు రోడ్డు కనపడదు, ఓవర్‌టేక్ చెయ్యాలని చెయ్యి లాగుతుంది. నేను పెట్టుకున్న నియమం చెప్తాను: ట్రైలర్ పక్క అద్దంలో డ్రైవరు మొహం నాకు కనపడకపోతే నేను ఆయనకి కనపడనట్టే. కనపడేదాకా వెనక్కి జరుగుతాను. దగ్గరగా అంటుకుని పోతే తొంగిచూడటానికి కూడా సగం కారు ఎదురు దారిలోకి పోవాలి, దూరంగా ఉంటేనే ముందున్నది తెలుస్తుంది. ఇక ట్రైలర్ ఎడమకి తిరగబోతూ ముందు కుడికి జరుగుతుంది, అంత పొడవు బండికి ఆ చోటు కావాలి. ఆ సందులోకి ఎడమ నుంచి దూరిపోయే బైకు కుర్రాళ్లని చూస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఆ సందు రెండు క్షణాల్లో మూసుకుపోతుంది. దయచేసి దూరకండి.

ఇంకొకటి రాత్రి. పొగాకు వేలం రోజుల్లో బేళ్లు వేసుకుని, మిర్చి, శనగల కాలంలో బస్తాలు వేసుకుని పోయే ట్రాక్టర్లకి చాలావాటికి వెనక లైటు ఉండదు. ఎదురు లారీ హైబీమ్ కళ్లల్లో పడిన క్షణంలో ఆ ట్రాక్టరు మన ముందే ఉన్నా కనపడదు. ఎదురు లైటు పడగానే నేను ఎడమ వైపు రోడ్డు అంచు తెల్లగీత మీదికి చూపు మళ్లించి వేగం తగ్గిస్తాను, ముందు నా లైట్లు డిమ్ చేస్తాను. ట్రాక్టరు ఉన్న రైతులకి చేతులెత్తి అడుగుతున్నాను, ట్రక్కు వెనక ఎర్ర రిఫ్లెక్టర్ స్టిక్కర్ అంటించండి, దానికయ్యే ఖర్చు చాలా తక్కువ.

ఫోన్ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. 60 వేగంలో కారు క్షణానికి దాదాపు 17 మీటర్లు పోతుంది. వాట్సాప్‌లో ఒక మెసేజ్ చదవడానికి మూడు క్షణాలు అనుకున్నా 50 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. 2020 అక్టోబరు నుంచి నిబంధనల్లో దారి చూసుకోవడానికి మాత్రం ఫోన్ వాడొచ్చని రాశారు, అదీ ధ్యాస చెదరకుండా. అందుకని బయల్దేరే ముందే మ్యాప్ పెట్టుకుని, ఫోన్ స్టాండులో బిగించి, ఇక ముట్టుకోను. బ్లూటూత్‌లో మాట్లాడితే ఫర్వాలేదు అనేవాళ్లతో కూడా నేను ఒప్పుకోను, చేతులు ఖాళీగా ఉంటాయి సరే, మనసు మాత్రం ఆ లెక్కల్లోనే ఉంటుంది. మా యూనిట్‌లో ఉదయం లోడింగ్ టైముకి ఫోన్లు ఎక్కువ, బిల్లు నంబరు ఎంత, ఈ-వే బిల్లు ఎక్కడ అని. లైసెన్స్ వచ్చిన వారమే మా ఓనరుగారితో చెప్పాను, "సార్, ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింపావు దాకా నేను డ్రైవింగ్‌లో ఉంటాను, ఫోన్ ఎత్తను, అవసరమైన బిల్లులు ముందు రోజు సాయంత్రమే తీసి పెట్టి పోతాను" అని. కోప్పడతారేమో అనుకున్నాను. "అట్నేలేమ్మా, నువ్వు క్షేమంగా రావడం ముఖ్యం" అన్నారు. ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ పెడితే చేసినవాళ్లకి డ్రైవింగ్‌లో ఉన్నారని మెసేజ్ దానంతట అదే పోతుంది. ఇప్పుడు మా డిస్పాచ్ అబ్బాయి కూడా లారీ డ్రైవర్లకి నడుస్తున్నప్పుడు ఫోన్ చెయ్యడం మానేసి, టీకి ఆగినప్పుడు చెయ్యమని మెసేజ్ పెడుతున్నాడు. ఉద్యోగాలిచ్చేవాళ్లు ఈ ఒక్క పద్ధతి పెట్టుకుంటే చాలు, ఎంతోమంది డ్రైవర్లకి రోడ్డు మీద ఊపిరి ఆడుతుంది.

మ్యాప్‌ని కూడా గుడ్డిగా నమ్మలేం. మా పుట్టిల్లు నెల్లూరు, అమ్మవాళ్లు మాగుంట లే అవుట్ వైపు ఉంటారు. వాన గట్టిగా పడితే అక్కడ రైలు కట్ట కింద అండర్ బ్రిడ్జిల్లో నీళ్లు నిలుస్తాయని నెల్లూరు వాళ్లందరికీ తెలుసు, మ్యాప్‌కి మాత్రం అది దగ్గర దారి. వాన పడిందంటే ముందు అమ్మకి ఫోన్ చేసి ఏ దారి తెరిచి ఉందో కనుక్కుని బయల్దేరతాను. హైవే మీద ఒంగోలు నుంచి నెల్లూరు పోవడం మాత్రం నిజంగా హాయి. టంగుటూరు, ముసునూరు టోల్‌గేట్లలో ఫాస్టాగ్ పని చేస్తే ఆగే పనే లేదు. బ్యాలెన్స్ ముందు రోజే చూసుకోండి, ఫాస్టాగ్ పని చెయ్యకపోతే టోల్ ఎక్కువ కట్టాల్సి వస్తుంది. హైవేలో కొత్తవాళ్లకి భయం వేగం గురించి ఉంటుంది, నాకైతే ఊళ్ల దగ్గర రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులంటేనే భయం, అందుకే సింగరాయకొండ, కావలి లాంటి ఊళ్లు దగ్గర పడగానే ఎడమ లేను వదిలేసి మధ్య లేనుకి మారి వేగం తగ్గిస్తాను.

డ్రైవింగ్ స్కూళ్ల గురించి ఒక మాట చెప్పాలి. 2021లో కేంద్రం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకి నిబంధనలు తెచ్చింది. చిన్న కార్లకి 29 గంటల శిక్షణ, అందులో 21 గంటలు బండి మీద, 8 గంటలు పాఠం. అంత శిక్షణ అన్ని స్కూళ్లలోనూ ఇస్తే మా పక్కింటావిడ ఈపాటికి కారు నడుపుతూ ఉండేది. అన్నట్టు ఆవిడ మళ్లీ ఎల్ఎల్ఆర్ తీసుకుంది, బాబాయ్ దగ్గరే తెల్లారి క్లాసులు.

మా వాడికి పదిహేడు. అమ్మా, కాలేజీ గ్రౌండ్ దాకా ఒక్కసారి అని రోజూ అడుగుతాడు. మైనరు బండి నడిపి దొరికితే తల్లిదండ్రులకో బండి ఓనరుకో 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు, 2019 సవరణలో అలా ఉంది. వాడికి ఆ సెక్షను చదివి వినిపించాను. అయితే చట్టం కోసం ఒక్కటే కాదురా, ఆ రోడ్డు మీద ట్రైలర్ల మధ్య నిన్ను ఊహించుకోలేను అని కూడా చెప్పాను. పద్దెనిమిది నిండిన రోజు ఫోన్ వాడి చేతికే ఇచ్చి దరఖాస్తు వాడి చేతే నింపిస్తాను, కళ్ల పరీక్ష నేనే దగ్గరుండి చేయిస్తాను, హాఫ్ క్లచ్ బాబాయ్ నేర్పుతానన్నారు. ఈలోపు ఆ రోడ్డు గుర్తుల పుస్తకం వాడి బల్ల మీద పెట్టాను, చదువుతున్నాడు.